చదవడం నేర్పేవారికి ఏం నేర్పుతున్నాం?

ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పబోయే టీచరుకు ముందుగా ఏం తెలిసి ఉండాలన్న వాదన తెలుగునాట పాతదే. ఈ ఐదారేళ్లలో అది బాగా చిక్కుపడింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ‘చదవడం మాకిష్టం’ పేరుతో బడి గ్రంథాలయాలను కదిలించే కార్యక్రమం పెట్టింది. 2021 జులైలో కేంద్రం పునాది చదువు, లెక్కల కోసం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో తెలంగాణలో అదే లక్ష్యంతో తొలిమెట్టు వచ్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, బి.ఇడి. చదివినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని తేల్చింది. ఆ వెంటనే తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించాయి. వాటిలో పెద్ద వాటా ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీలది. అంటే వేలమంది కొత్త టీచర్లు ఇప్పుడిప్పుడే చిన్న తరగతుల్లో అడుగుపెడుతున్నారు.

వారి ముందున్న పని ఎంత పెద్దదో, గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదికలు చెబుతున్నాయి. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. కొవిడ్ దెబ్బ ఎంతో, కోలుకున్నది ఎంతో ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది. కొవిడ్‌కు ముందు కూడా సగం మందికి చదవడం రాలేదన్న సంగతి మాత్రం మరుగున పడుతోంది.

ఈ సమీక్ష రెండు విషయాలను కలిపి చూస్తుంది. ఒకటి, చదవడం నేర్పే పద్ధతి. రెండోది, బాలసాహిత్యం. శిక్షణ కళాశాలల్లో ఈ రెండింటినీ వేర్వేరు గదుల్లో పెట్టడమే మన ప్రధాన లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఓనమాల నుంచి వాక్య పద్ధతి దాకా

వీధిబడిలో చదువు ఇసుకలో దిద్దడంతో మొదలయ్యేది. ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు, ఆపైన శతక పద్యాలు, ఎక్కాలు. అంతా గొంతెత్తి వల్లెవేయడమే. 19వ శతాబ్దం మొదటి భాగంలో పుదూరు సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష ఈ క్రమాన్నే అచ్చులోకి తెచ్చింది. అక్షరాలు, గుణింతం, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నీతి వాక్యాలు. తర్వాత పెద్ద బాలశిక్షగా పెరిగిన ఆ పుస్తకం తరాల తరబడి ఇంటింటి గురువైంది. ఆ క్రమాన్ని ఎగతాళి చేయడం తేలిక. తెలుగు లిపి నిర్మాణం దానికి క్షుణ్ణంగా తెలుసని మాత్రం ఒప్పుకోవాలి. పురాణాలు, పద్యాలు చెవిన పడుతూ పెరిగిన ఇంటి పిల్లవాడికి అర్థం అప్పటికే అంది ఉండేది, బడి అక్షరాన్ని అందిస్తే సరిపోయేది. చెవిన వేరే భాష, వేరే యాస పడే పిల్లలు బడి గడప తొక్కినప్పుడే చిక్కు వచ్చింది.

ఆ చిక్కును తొలుత గట్టిగా పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి. ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటాం గానీ, ఆయన వాదనలో సగం టీచరు వాదన. బడి పుస్తకం భాషకూ పిల్లవాడి నోటి భాషకూ మధ్య అగాధం ఉంటే చదువు ఎక్కదని ఆయన చెప్పాడు. సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు తయారుచేశాడు. ఆ పని శిక్షణ సంస్థల్లోకి చేరడానికి దాదాపు శతాబ్దం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో తొలి తరగతుల చదువు ప్రారంభించేదాకా ఆదివాసీ పిల్లలకు తెలుగు వాచకమే మొదటి గోడ.

శిక్షణ కళాశాలల చరిత్ర మరో దారిలో సాగింది. టి.టి.సి. రోజుల నుంచి బోధనా పద్ధతుల పుస్తకాల్లో అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి, కథా పద్ధతి అని నాలుగు పేర్లు, ఒక్కోదాని కింద గుణాలు, దోషాలు. ఛాత్రోపాధ్యాయులు వాటిని కంఠస్థం చేసి పరీక్ష రాసేవారు. పిల్లలతో వల్లెవేయించవద్దని చెప్పే పాఠాన్ని వారే వల్లెవేసేవారు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్, అంటే ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, వచ్చింది. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, టీచర్లను వారి కేంద్రాల్లో కూర్చోబెట్టి కృత్యాధార బోధన అలవాటు చేసింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పుట్టిన కార్డుల నిచ్చెన పద్ధతి, ఒకే గదిలో పలు తరగతులు నడిపే టీచరుకు దారి చూపి, తర్వాత ప్రభుత్వ బడుల్లోకీ వెళ్లింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెంట 2011 రాష్ట్ర చట్రం, అర్థంతో మొదలుపెట్టి అక్షరానికి రమ్మన్నాయి. ఒకటో తరగతి వాచకంలో ‘అ, ఆ’ల వరస పోయి బొమ్మలు, పాటలు, మాటలు ముందుకొచ్చాయి.

వాచకం మారింది. బోధించే చేతికి మాత్రం ఆ మార్పు పూర్తిగా అందలేదు. కొత్త వాచకం పాఠంగా చెప్పి, మిగిలిన వేళ నల్లబల్ల మీద పాత గుణింతం రాయించడం మామూలైంది. ఆ టీచర్లను తప్పుపట్టలేం. పాట నుంచి మాటకు, మాట నుంచి అక్షరానికి ఎలా దిగాలో వారికి చేసి చూపినవారు తక్కువ.

ఇంగ్లీషు నుంచి దిగుమతైన తగువు

మన శిక్షణ పుస్తకాల్లోని నాలుగు పద్ధతుల వెనుక ఇంగ్లీషు చదువు గురించిన సుదీర్ఘ తగాదా ఉంది. అమెరికాలో హొరేస్ మాన్ 1840లలోనే అక్షరాలతో మొదలుపెట్టడాన్ని వ్యతిరేకించాడు. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఎదురుదాడి చేసి, ధ్వనులు నేర్పకపోవడమే పిల్లల వైఫల్యానికి కారణమన్నాడు. 1967లో జీన్ ఛాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలు పోగేసి, అక్షర ధ్వని సంబంధాన్ని మొదట్లోనే నేర్పడం మేలని చెప్పింది. అదే ఏడాది కెన్నెత్ గుడ్‌మన్, చదవడమంటే సందర్భాన్ని బట్టి అర్థాన్ని ఊహించుకుంటూ పోవడమని ప్రతిపాదించాడు. ‘హోల్ లాంగ్వేజ్’ ఉద్యమానికి అది పునాది. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్, 2006లో ఇంగ్లండులో రోజ్ నివేదిక, త్రాసును మళ్లీ ధ్వనుల వైపు మొగ్గించాయి.

ఈ మొత్తంలో మనకు అక్కరకొచ్చే సూత్రం ఒకటుంది. 1986లో గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు, చదివి గ్రహించడం అంటే అక్షరాన్ని విప్పడం, భాష తెలియడం అనే రెండింటి గుణకారం అన్నారు. వారు కూడిక అనలేదు. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. అక్షరాలన్నీ వచ్చి తెలుగు రాని కోయ పిల్లకూ, తెలుగు ధారాళంగా మాట్లాడుతూ అక్షరం రాని పిల్లకూ పుస్తకం ఒకేలా మూసుకుపోతుంది. ఇద్దరికీ కావలసిన మందు మాత్రం వేరు. ఆ తేడా గుర్తుపట్టగలిగేలా ఛాత్రోపాధ్యాయుణ్ని తయారుచేయడమే శిక్షణ పని.

మన దేశంలో ఈ వాదానికి అర్థం వైపు గొంతుక ఇచ్చినవారిలో కృష్ణకుమార్ ముఖ్యుడు. పిల్లల భాష గురించి టీచర్ల కోసం ఆయన 1986లో రాసిన చిన్న పుస్తకం, మాట్లాడటం, వినడం, ఆడటం లేకుండా చదువు రాదని చెప్పింది. మరో వైపు ప్రథమ్ సంస్థ, వెనకబడ్డ పిల్లల కోసం గుణింతాల పట్టికను మళ్లీ మధ్యకు తెచ్చి, దానితో పాటు కథలు, మాటలు కలిపి కొన్ని వారాల్లో చదివించే పద్ధతిని దేశమంతటా తిప్పింది. ఒకరు వద్దన్న గుణింతం ఇంకొకరి చేతిలో ప్రధాన పనిముట్టు. ఛాత్రోపాధ్యాయుడికి రెండూ ఒకే సెమిస్టరులో తారసపడతాయి. ఎవరిది ఏ పిల్లలకు, ఏ దశలో అన్న వివరణ మాత్రం తరచు దొరకదు.

తెలుగు లిపి పెట్టే మెలిక

ఇంగ్లీషు తగాదాను యథాతథంగా తెలుగుకు అతికించడం ఎందుకు కుదరదో లిపే చెబుతుంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, పలికే తీరులో మాత్రం లెక్కలేనన్ని మినహాయింపులు. తెలుగులో ఎలా రాస్తే దాదాపు అలాగే పలుకుతాం, కానీ నేర్వాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. హల్లులకు గుణింతపు గుర్తులు, వాటికి ఒత్తులు. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాల మీద పట్టు రావడానికి కొన్ని నెలలు చాలవనీ, ఏళ్లు పడుతుందనీ చూపింది. కన్నడ లిపి మనకు అక్కచెల్లెలు లాంటిది, నిర్మాణమూ అదే. తెలుగు పిల్లల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత 2004లో ప్రచురించిన పరిశీలన కూడా, మన లిపిలో ధ్వని విశ్లేషణ ఇంగ్లీషు లెక్కల్లో ఒదగదన్న ఆలోచనకు బలమిచ్చింది.

ఒక్క మాట తీసుకుందాం: భక్తి. పిల్లకు కంటికి కనిపించేది మొదట ‘భ’, ఆ తర్వాత గుడి ఉన్న ‘క’, దాన్ని అంటుకుని త ఒత్తు. గుడి ఉన్నది ‘క’ మీద. పలకాల్సింది మాత్రం త తర్వాత. గుణింతం చక్కగా నేర్చిన పిల్ల దీన్ని ‘భకిత’ అని చదువుతుంది. నేర్పిన నియమాన్ని నిక్కచ్చిగా పాటించినందుకే ఆ తప్పు వచ్చింది. ఆ సంగతి తెలిసిన టీచరు ‘అక్క, అత్త, చెట్టు, గుడ్డు’ లాంటి మాటలతో ఒత్తు పలికే చోటును ముందు చెవికి పట్టిస్తుంది, ‘భక్తి, శక్తి’ తర్వాత వస్తాయి. తెలియని టీచరు ‘మళ్లీ చదువు’ అంటుంది. పిల్ల మళ్లీ ‘భకిత’ అంటుంది.

ఒత్తుల్లోనూ అన్నీ ఒక తీరు కావు. గ, చ, ద, ప వంటి వాటి ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి అక్షరంతో పోలికే ఉండదు. తెలుగులో ఎక్కువగా వాడేవీ ఇవే. ‘ప, వ, ష, ఫ’ ఒకదానికొకటి, ‘మ, య’ ఒకదానికొకటి దగ్గరి పోలికలు. ఈ రకమైన విషయాలు ఒక పేజీలో ఇమిడేవి. ప్రాథమిక శిక్షణలో ఏ తెలుగు బోధన పేపరులోనైనా ఇది మొదటి అధ్యాయం కావాలి. దాని బదులు భాష నిర్వచనాలు, భాష లక్షణాలు, భాషోత్పత్తి వాదాలు పేజీలు నింపుతున్నాయి. నిర్వచనం రాసినంత మాత్రాన ‘భకిత’ దగ్గర ఆగిపోయిన పిల్లకు సాయం చేయడం రాదు.

పొరుగునే ఉన్న ఉదాహరణ కూడా చూడాలి. తెలంగాణకు ఆనుకుని ఉన్న యాద్గిర్ జిల్లాలోనూ, మహారాష్ట్రలోని ఒక ఆదివాసీ ప్రాంతంలోనూ ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లల్ని వెంబడించి చూసిన ‘లిరిల్’ అధ్యయనం నివేదిక 2017లో వచ్చింది. మూడో తరగతి ముగిసినా చాలామందికి మాటలు విప్పి చదవడం రాలేదనీ, తరగతిలో ఎక్కువ కాలం చూచిరాతకూ కోరస్ చదువుకూ పోతోందనీ, అర్థం గురించిన సంభాషణ దాదాపు లేదనీ అది చెప్పింది. అంటే అక్షరం పేరుతో అర్థాన్ని పక్కనపెట్టిన చోట అక్షరమూ రాలేదు. ఇరుపక్షాలూ తలవంచి చదవాల్సిన నివేదిక అది.

శిక్షణ గదిలో ఏం జరుగుతోంది

మన దేశంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని జస్టిస్ వర్మ కమిషన్ 2012లో లెక్కతేల్చింది. ఆ తర్వాత బి.ఇడి. రెండేళ్లకు పెరిగింది. కాలం పెరిగినా బోధనాభ్యాసపు తీరు పెద్దగా మారలేదు. పాఠ్యపథకం రికార్డు తెరిస్తే వరస తెలిసిందే: ఉన్ముఖీకరణ, శీర్షిక ప్రకటన, ఆదర్శ పఠనం, ప్రకాశ పఠనం, మౌన పఠనం, కఠిన పదాలు, పునశ్చరణ, ఇంటిపని. ఇది చదవడం వచ్చిన పిల్లలకు గద్య పాఠం చెప్పే చట్రం. చదవడం రాని ఆరేళ్ల పిల్లకు ఇందులో చోటెక్కడ?

2018లో ఎన్సీటీఈ, బి.ఇడి. వారికి ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పే అర్హత ఇచ్చినప్పుడు, ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలన్నది. 2023 తీర్పు ఆ తలుపు మూసేసింది. తీర్పును ఉద్యోగాల తగాదాగా చూశారు. నిజానికి దాని వెనుక పెద్ద విద్యా ప్రశ్న ఉంది: చిన్నపిల్లలకు చదవడం నేర్పడం ప్రత్యేక నైపుణ్యమా, లేక భాష తెలిసిన ఎవరైనా చేయగల పనా? ప్రత్యేకమేనని కోర్టు చెప్పింది. ఆ ప్రత్యేకత ప్రాథమిక టీచర్ల కోర్సు డి.ఇఎల్.ఇడి. పాఠ్యక్రమంలో నిజంగా ఉందా అని అడగడం మన బాధ్యత.

ఎంపిక పరీక్షలు ఆ ప్రత్యేకతకు అడ్డుకట్ట వేస్తున్నాయి. అవనిగడ్డ కోచింగ్ కేంద్రాల్లోనైనా, హైదరాబాదులోనైనా టెట్, డీఎస్సీ అభ్యర్థి కూర్చుని చదివేది కవులు, బిరుదులు, కావ్యాలు, సంధులు, సమాసాలు. బోధనా పద్ధతుల భాగం కూడా బహుళైచ్ఛిక ప్రశ్నలే. అభ్యర్థి ఒక పిల్లతో పది నిమిషాలు కూర్చుని పుస్తకం చదివించగలడా అని చూసే ఘట్టం ఎంపికలో ఎక్కడా లేదు. పరీక్ష దేన్ని అడుగుతుందో శిక్షణ దాని వైపే ఒరుగుతుంది.

దీనికి భిన్నమైన నమూనా దేశంలో ఒకటి నడిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రారంభించిన నాలుగేళ్ల బి.ఇఎల్.ఇడి. కోర్సులో భాష స్వభావం, భాషార్జన వేర్వేరు పేపర్లు. వాటితో పాటు బాలసాహిత్యం, కథ చెప్పడం, నాటకం, సంగీతం బృంద కార్యశాలలుగా ఉండేవి. బాలసాహిత్యం పరీక్ష ప్రశ్నగా మిగిలిపోకుండా చేసే పనిగా మారింది. ఇటీవల ఆ కోర్సు స్థానంలో 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన నాలుగేళ్ల సమగ్ర ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం, అంటే ఐటెప్ తేవడం మీద వివాదం నడిచింది. మూడు దశాబ్దాల అనుభవాన్ని కొత్త చట్రంలోకి మోసుకుపోతారా, పారేస్తారా అన్నది తెలుగు రాష్ట్రాలకూ సంబంధించిన విషయమే, ఎందుకంటే మన విశ్వవిద్యాలయాలూ అదే ఐటెప్ పాఠ్యక్రమం వైపు నడుస్తున్నాయి.

బాలసాహిత్యం: ప్రశ్నపత్రమా, పుస్తకమా?

తెలుగు పిల్లల పుస్తకాల వారసత్వం చిన్నది కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. 1947 జులైలో చందమామ వచ్చింది, కొడవటిగంటి కుటుంబరావు చేతుల్లో దశాబ్దాల పాటు దాని వచనం నిగ్గుతేలింది. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు, నండూరి రామమోహనరావు అనువదించిన మార్క్ ట్వేన్ నవలలు, మాస్కో నుంచి వచ్చి విశాలాంధ్ర దుకాణాల్లో అతి చవగ్గా దొరికిన రష్యన్ బొమ్మల పుస్తకాలు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన రైలుబడి. ఈ మధ్య మంచి పుస్తకం ప్రచురణలు, తూలిక, ప్రథమ్ బుక్స్ తెలుగు పుస్తకాలు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, తెలుగులో తొలి గౌరవం కలువకొలను సదానందకు దక్కింది.

ఇంత ఉన్నా ఛాత్రోపాధ్యాయుడికి చేరేది ఒక జాబితా. బాలసాహిత్యం నిర్వచనం, ప్రయోజనాలు, ప్రక్రియలు, ప్రముఖ బాలసాహితీవేత్తలు. అయిదు మార్కుల ప్రశ్న. ‘బాల’ పత్రికను స్థాపించినవారు ఎవరో రాస్తారు, దాని సంచిక ఒక్కటీ తిరగేసి ఉండరు.

ఇది తెలుగువారి లోపం మాత్రమే కాదు. అమెరికాలో 2004లో ఆపిల్‌గేట్ దంపతులు కాబోయే టీచర్లను సర్వే చేస్తే, సగానికి పైగా మందికి చదవడం మీద ఉత్సాహం లేదని తేలింది. తమ దగ్గర లేనిది ఇతరులకు ఇవ్వలేమన్న బైబిలు సందర్భం నుంచి దానికి ‘పీటర్ ఎఫెక్ట్’ అని పేరుపెట్టారు. ఇంగ్లండులో టెరెసా క్రెమిన్ బృందం సుమారు 1200 మంది ప్రాథమిక టీచర్లను పిల్లల రచయితల పేర్లు అడిగితే, రోల్డ్ డాల్ లాంటి కొద్దిమంది చుట్టూనే జవాబులు తిరిగాయి, బొమ్మల పుస్తకాల రచయితల పేరు ఒక్కటీ చెప్పలేనివారు కూడా చాలామంది. ఆ బృందం చెప్పిన ముఖ్యమైన సంగతి: టీచరు స్వయంగా పిల్లల పుస్తకాలు చదివి, వాటి గురించి తోటి టీచర్లతో మాట్లాడుకున్నప్పుడే తరగతిలో చదివే వాతావరణం మారుతుంది.

బాలసాహిత్యం గురించిన మన వాదనలో మూడు వైఖరులు కనిపిస్తాయి. మొదటిది నీతి వైఖరి: కథ చివర నీతి ఉండాలి, టీచరు దాన్ని రాబట్టాలి. పెద్ద బాలశిక్ష కాలం నుంచి ఇదే బలమైనది. రెండోది భాషా వైఖరి: కథ చదువుకు సాధనం, మాటలు నేర్పడానికి, ధారాళత పెంచడానికి. ఎన్సీఈఆర్టీ 2008లో తెచ్చిన 40 పుస్తకాల ‘బర్ఖా’ వరస, స్థాయిలవారీగా సాగే ఇప్పటి చిన్న పుస్తకాలు ఈ కోవలోవి. మూడోది సాహిత్య వైఖరి: కథ కథగానే చదవాలి, పిల్ల దాన్ని తనకు తోచినట్టు అందుకోవాలి. అమెరికాలో లూయీ రోజెన్‌బ్లాట్ 1938లోనే ఈ మాట చెప్పింది.

ఈ మూడింటిలో రెండోదీ మూడోదీ పొత్తు కుదర్చగలవని ఈ వ్యాసకర్త నమ్మకం. మొదటిది మాత్రం ఆ రెండింటికీ అడ్డం. ఛాత్రోపాధ్యాయుడు బొమ్మల పుస్తకం పట్టుకుని పిల్లల ముందు కూర్చున్నప్పుడు ఏం చేయాలో చూద్దాం. పేజీ పిల్లల వైపు తిప్పి పట్టుకోవాలి. బొమ్మ చూడటానికి వ్యవధి ఇవ్వాలి. మొదటిసారి ఆపకుండా చదవాలి. రెండోసారి, పిల్లలు పేజీ తిప్పబోయేముందే తర్వాతి మాట అందుకునే చోట ఆగాలి. మూడోసారి ఆ మాటను వేలితో చూపాలి. అప్పుడు అక్షరం కథలోంచి బయటికొస్తుంది. ‘ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం?’ అన్న ప్రశ్న ఆ క్షణంలో పడితే, పిల్లలందరూ కోరస్‌గా ‘అబద్ధం ఆడకూడదు’ అంటారు, పుస్తకం మూసుకుపోతుంది. ఈ పద్ధతిని నెలల తరబడి అభ్యాసం చేయించాలి. కాగితం మీద రాసిస్తే రాదు.

ఎవరి కథలు అన్నది మరో ముడి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల వరసలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు దళిత, ముస్లిం, శ్రామిక ఇళ్ల పిల్లల్ని కథ మధ్యలో నిలబెట్టారు. బడి పుస్తకాల్లో అప్పటిదాకా ఆ ఇళ్లు అరుదు, వంటగదీ పనీ పేదరికమూ కనబడితే జాలి కోసం కనబడేవి. అలాంటి కథలు తరగతిలో చదవడానికి టీచరు ముందు తన లోపలి పక్షపాతాలను చూసుకోవాలి. కొందరు శిక్షకులు దీన్ని రాజకీయమంటూ తప్పించుకుంటారు. తన ఇల్లు ఏ పుస్తకంలోనూ లేని పిల్లకు చదవడం మీద ఇష్టం ఎలా కలుగుతుందో వారే చెప్పాలి.

కొలత బద్దలు, రాసిచ్చిన పాఠాలు

నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని ఉంది. పదాల లెక్క అన్ని భాషలకూ ఒకటే కొలత కాదు. ‘వెళ్ళిపోతున్నాడనుకున్నాను’ తెలుగులో ఒక్క పదం, ఇంగ్లీషులో ఆరు మాటల పని. అందుకే 2022లో ఎన్సీఈఆర్టీ చేసిన పునాది అభ్యసన అధ్యయనం భాషలవారీగా వేర్వేరు ప్రమాణాలు పెట్టింది. అది సరైన అడుగు. తరగతి గదిలో మాత్రం స్టాప్‌వాచీ, ఫారం ముందుకొచ్చి, పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది వెనక్కి పోయే ప్రమాదం ఉంది. నిమిషానికి 30 పదాలు చదివిన ఇద్దరు పిల్లల్లో ఒకరు ప్రతి ఒత్తు దగ్గర తడబడవచ్చు, మరొకరు అర్థం తెలియని మాట దగ్గర ఆగి ఆలోచించవచ్చు. ఆ ఇద్దరినీ ఒకే గడిలో రాసే టీచరుకు రేపటి పాఠం ఎలా తయారుచేయాలో తెలియదు.

రోజువారీ పాఠం ఎలా చెప్పాలో పూర్తిగా రాసి ఇచ్చే గైడ్ల మీదా భిన్నాభిప్రాయాలున్నాయి. అనుభవం తక్కువున్న టీచరుకు అవి చేతికర్ర అని ఒక వాదం. టీచరు ఆలోచనను అవి ఎండబెడతాయని మరో వాదం. రెండిట్లోనూ నిజముంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ చట్రం, మౌఖిక భాష, పదాల గుర్తింపు, చదవడం, రాయడం అనే నాలుగు భాగాలకు రోజూ చోటివ్వాలంటుంది. ఇది అక్షర పక్షాన్నీ అర్థ పక్షాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. గొడుగు ఇచ్చినంత మాత్రాన చేతికి పట్టు రాదు. ఏ పిల్లకు ఆ నాలుగింటిలో ఏది ఎక్కువ కావాలో చూసి నిర్ణయించే నేర్పు శిక్షణలోనే రావాలి.

పక్షాలను పక్కపక్కన పెడితే

అక్షర పక్షం బలం లిపి జ్ఞానం, క్రమం. బలహీనత, నెలల తరబడి అర్థం లేకుండా పిల్లను నిలబెట్టడం. అర్థ పక్షం బలం భాష మీద, పిల్ల మీద గౌరవం. బలహీనత, తెలుగు గుణింతాలు, ఒత్తులు తమంతట తామే వచ్చేస్తాయన్న ధీమా. బాలసాహిత్య పక్షం ఆనందాన్నీ చదివే అలవాటునూ ముందు పెడుతుంది, కానీ ఇంకా అక్షరం రాని పిల్లకు పుస్తకం ఎలా అందించాలో స్పష్టంగా చెప్పడం తక్కువ. కొలత పక్షం ఎవరు వెనకబడ్డారో దాచకుండా చూపుతుంది, ఎందుకు వెనకబడ్డారో చెప్పదు. సమతూక పక్షం, అంటే ఇప్పటి విధానం, అందరినీ కలుపుకుంటుంది. దానికి కావలసింది మిగతా అందరికన్నా ఎక్కువ నేర్పుగల టీచరు. ఆ టీచరును తయారుచేసే శిక్షకుడి గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఇంకా తేలనివి

శిక్షకులకు శిక్షణ ఎవరిస్తారు? డైట్‌లలో తెలుగు బోధన చెప్పేవారిలో ఎక్కువ మంది హైస్కూలు నుంచి పదోన్నతి మీద వచ్చినవారు, ఎం.ఏ. తెలుగు, ఎం.ఇడి. చదివినవారు. ఒకటో తరగతి పిల్లతో ఏడాది పొడవునా పనిచేసిన అనుభవం వారిలో చాలామందికి లేదు. ఆ అనుభవం ఉన్న ఎస్జీటీలు శిక్షకులుగా వచ్చే దారి మన వ్యవస్థలో ఇరుకు. గ్రంథాలయ అధ్యాపకుల కోసం పరాగ్ వంటి సంస్థలు నడిపే కోర్సులు ఇంగ్లీషు, హిందీల్లోనే ఎక్కువగా సాగాయి. తెలుగులో అంత లోతైన దీర్ఘకాల కోర్సు కావాలి.

మాధ్యమం మరో ముడి. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2022 నుంచి తెలంగాణలోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మాధ్యమం వైపు కదిలాయి, ఒక వైపు తెలుగు, మరో వైపు ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగులో చదవడం నేర్చాక ఇంగ్లీషుకు ఎలా దాటించాలి, రెండూ ఒకేసారి నేర్పితే ఏ క్రమంలో నేర్పాలి అన్నవాటికి తెలుగు తరగతుల్లోనే చేసిన పరిశోధన కావాలి. ఇప్పటికి ఎక్కువగా ఊహలు, విశ్వాసాలే ఉన్నాయి.

యాస ప్రశ్న కూడా తేలలేదు. ఆదిలాబాదు పిల్ల, శ్రీకాకుళం పిల్ల, రాయలసీమ పిల్ల ఒకే వాచకం చదువుతూ తమ నోటి మాట దగ్గర తడబడితే, అది చదివే తప్పా, మాట తేడానా అన్నది టీచరు తేల్చుకోవాలి. శిక్షణలో యాసల గురించిన పాఠం ఉంటే ఉచ్చారణ దోషాల అధ్యాయంలోనే ఉంటోంది. పిల్ల ఇంటి మాటను దోషమని నేర్చుకున్న ఛాత్రోపాధ్యాయుడు తరగతిలోనూ దాన్ని దిద్దడానికే చూస్తాడు. గిడుగు వాదించి వందేళ్లు దాటినా ఆ అధ్యాయం అక్కడే ఉండటం బాధ కలిగిస్తుంది.

ఇక బాలసాహిత్యాన్ని పేపరుగా పెట్టాలా, అన్ని పేపర్లలో కలపాలా అన్నది పాఠ్యక్రమ సంఘాల్లో ఎప్పటికప్పుడు వచ్చే చర్చ. పేపరుగా పెడితే మళ్లీ నిర్వచనాలు, ప్రయోజనాలు. కలిపితే ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. మధ్యే మార్గంగా చేయదగిన పని ఒకటుంది. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ రెండేళ్లలో ఒకే ఒక్క పిల్లతో, ఒకటో తరగతి నుంచి రెండో తరగతి దాకా, వారానికోసారి కూర్చుని పుస్తకాలు చదివించి, ఆ పిల్ల ఎక్కడ ఆగింది, ఏ కథ మళ్లీ అడిగింది, ఏ ఒత్తు దగ్గర తికమకపడింది అన్నది రాసిన నోటుబుక్కును బోధనాభ్యాసపు మార్కుల్లో ప్రధాన భాగం చేయాలి. అలాగే ప్రతి డైట్‌లో పిల్లల పుస్తకాలు కనీసం కొన్ని వందలు, తాళం వేసిన బీరువాలో కాకుండా తరగతి బల్లల మీద ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఎస్సీఈఆర్టీలు మార్కుల పట్టిక మార్చి, పుస్తకాల కొనుగోలుకు కొంత నిధి కేటాయించి, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలతో ప్రతి కళాశాలనూ జత చేస్తే రాబోయే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. 2030 నాటికి ఐటెప్ పూర్తిగా అమల్లోకి రావాలంటున్నారు గనుక, ఆ నోటుబుక్కులు అప్పటికి కొన్ని వేలు పోగైతే, తెలుగు పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారన్న దాని మీద మన దగ్గర మొదటిసారి మన సొంత ఆధారం ఉంటుంది.